కోటకు ఊపిరి పోసిన మేస్త్రి

ఆదివారం పొద్దున్నే భార్యతో కలిసి కొండ మీది పాత కోట చూసి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాలన్నది మేస్త్రి పథకం. నలభై ఏళ్లుగా గోడలు కట్టిన మనిషికి సెలవు రోజున కూడా గోడలే చూడాలనిపించింది. "ఆ సున్నం మరకల చొక్కాతోనా వచ్చేది?" అంటూ భార్య పెట్టె అడుగు నుంచి బూడిదరంగు కోటు తీసి బలవంతాన తొడిగింది.

ఆ కోటు తొడుక్కోవడమే కొంప ముంచింది. ఆ రోజే పెద్దాఫీసు నుంచి తనిఖీకి ఎవరో వస్తున్నారని కోటలో కబురుంది. మేస్త్రిని చూడగానే కాపలాదారు సెల్యూట్ కొట్టాడు. మరమ్మతుల ఇంజనీరు పరుగున వచ్చాడు.

"మీకోసమే చూస్తున్నాం సార్! మా పని చూసి ఒక్క మాట చెప్పండి."

తన పేరు కొండ మీదికి కూడా పాకిందని మేస్త్రి ఛాతీ ఉబ్బింది. భార్య వైపు ఓరగా చూసి, నిరుడు పూత పూసిన గోడను వేలి కణుపుతో తట్టాడు. డొల్లగా మోగింది.

"సిమెంటా?"

"అవును సార్, మేలు రకం."

"సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ ఎటు పోతుందయ్యా? తీసెయ్యాలి."

"ఇప్పుడేనా?"

"ఇంకో వానాకాలం చూస్తావా?"

ఇంజనీరు కూలీలను కేకేశాడు. అరగంటలో సగం పూత నేలకూలింది. ఉత్సాహం పట్టలేక మేస్త్రి కోటు విప్పి భార్య చేతికిచ్చి, తనూ ఓ ఉలి అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అసలు అధికారిణి దిగారు.

"ఎవరు కొట్టమన్నారు?"

ఇంజనీరు మేస్త్రి వైపు తిరిగాడు. "మరి... మీరెవరు సార్?"

"తాపీ మేస్త్రిని. అది తెలిసే అడిగారనుకున్నా." మేస్త్రి ఉలి కింద పెట్టలేదు. "నేనెవరైతేనేం తల్లీ, గోడకి ఊపిరి ఆడట్లేదు."

అధికారిణి గోడను తడిమారు. వేళ్లకు తడి అంటింది, రాయి పిండిలా రాలింది.

"ఈ పూత తీయించే అనుమతి కోసం ఆరు నెలలుగా కాగితాలు తిప్పుతున్నాను," అన్నారామె. "మళ్లీ సున్నంతో మీరే పూసిపెడతారా?"

మేస్త్రి నోరు తెరిచేలోపే, "పూస్తారమ్మా, ఆయన చెయ్యి పడితే వందేళ్లు!" అని భార్యే మాటిచ్చేసింది. కొండ దిగేదాకా ఎదురుపడ్డ ప్రతివాళ్లనీ ఆపి, "కోట పని మా ఆయనదే," అని చెప్పింది.

వాళ్ల వంటగది గోడకు మాత్రం ఈనాటికీ పూత పడలేదు.