బైండింగ్‌కి వెళ్ళిన పుస్తకం

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రంలోగా ఒక్కరైనా తనను ఏదో ఒకటి అడగాలి. కాలేజీ లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే విచారణ బల్ల ఆయనది. గుమ్మం పక్కన కృత్రిమ మేధ పెట్టె వెలిశాక పిల్లలంతా దాన్నే అడుగుతున్నారు. విచారణ పోయి బల్లకి విచారం మిగిలింది. ఇంటికెళ్తే ఆయన్ని ఈలవేసి పిలిచేది కుక్కరొక్కటే.

పైగా ప్రిన్సిపాల్ బెదిరింపు: "మేధ ఉండగా మేజాబల్ల ఎందుకయ్యా? ఎవరూ రాకపోతే నిన్ను కింద బైండింగ్ గదికి దించేస్తా!"

మధ్యాహ్నం కళ్ళజోడు అమ్మాయి ఒకతె వచ్చి నిలబడింది. మాస్టారు లేచిన ఊపుకి కుర్చీ కూడా లేచింది.

"సార్, 'నీటి గడియారాల సంఘజీవనం' ఉందా? ఆ పెట్టె చెప్పింది."

అలాంటి పుస్తకం లోకంలోనే లేదు. తెలియనప్పుడు కల్పించడం పెట్టెకి అలవాటు. "లేదమ్మా" అంటే సరిపోయేది. కానీ అలా అంటే ఆ పిల్ల వెళ్ళిపోతుంది. లైబ్రరీల్లో తరతరాలుగా ఊరుతున్న మాట మాస్టారి నాలుక చివరికి వచ్చేసింది.

"బైండింగ్‌కి వెళ్ళిందమ్మా. రేపు రా."

మర్నాడు వచ్చింది. "జిగురు ఆరలేదమ్మా" అన్నాడు. ఆ మర్నాడు, "అట్ట మీద అక్షరాలు వేస్తున్నారు." జిగురు ఆరకపోయినా మాటలు అతుక్కున్నాయి. నిలబడి అడిగే అమ్మాయి కూర్చుని కబుర్లు చెప్పసాగింది.

అంతటితో ఆగితే బాగుండేది. అబద్ధం అతికినట్టుండాలని మాస్టారు ఆ పుస్తకాన్ని కంప్యూటర్ జాబితాలోకి ఎక్కించి, అమ్మాయి పేరున రిజర్వు చేశాడు. పెట్టె అది చూసి, "ఈ పుస్తకానికి గిరాకీ ఉంది" అని అందరికీ చెప్పింది. అందరూ రిజర్వు చేశారు. గిరాకీ గిర్రున తిరిగొచ్చి బల్ల ముందు వరుస కట్టింది. ఆ వరుసలో చరిత్ర ప్రొఫెసర్ కూడా ఉన్నాడు.

"కుర్రతనంలో చదివానండీ. మూడో అధ్యాయం అద్భుతం!"

"నాకు నాలుగోది నచ్చిందండీ," అన్నాడు మాస్టారు, నోరు జారి. ఇద్దరూ గంభీరంగా తలలూపుకున్నారు.

ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. "ఏమయ్యా, ఇంత గొప్ప పుస్తకం మన దగ్గరుందని చెప్పవేం? రేపు తనిఖీకి పెద్దలొస్తున్నారు. నీ చేత్తోనే వాళ్ళకి చూపించు. ఇక నీ బల్ల జోలికి ఎవడూ రాడు, పూచీ నాది!"

మర్నాడు పెద్దలొచ్చారు. వరుసంతా మెడలు చాచింది. మాస్టారు ఖాళీ చేతులు చూపించాడు.

"పుస్తకం లేదండీ. ఎప్పుడూ లేదు. ఎవరైనా వస్తారేమోనని అబద్ధమాడాను."

"నేనన్నది వేరే పుస్తకం," అన్నాడు ప్రొఫెసర్ వెంటనే. ప్రిన్సిపాల్ మొహం ముదురు రంగు అట్టలా మారింది. "తీసేయండి ఆ మేజాబల్ల!" వరుస ఇట్టే కరిగిపోయింది. కళ్ళజోడు అమ్మాయి మాత్రం మిగిలింది.

"క్షమించమ్మా. నిన్ను ఊరికే తిప్పాను."

"నాకు మొదటిరోజే తెలుసు సార్. పెట్టెని మళ్ళీ గట్టిగా అడిగితే, అలాంటి పుస్తకం లేదని అదే ఒప్పుకుంది."

"మరి రోజూ ఎందుకొచ్చావు?"

"రమ్మన్నారు కదా! ఈ కాలేజీలో చేరాక నన్ను 'రేపు రా' అన్నది మీరొక్కరే."

మాస్టారు తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఈలోగా ప్రిన్సిపాల్ పంపిన మనుషులు వచ్చి బల్లని ఒక పక్క, ఆయన్ని ఒక పక్క పట్టుకున్నారు.

మర్నాడు అమ్మాయి వచ్చేసరికి బల్ల ఉన్నచోట నాలుగు కాళ్ళ గుర్తులే ఉన్నాయి. పెట్టె దగ్గరికెళ్ళి, "మా మాస్టారెక్కడ?" అని అడిగింది.

పెట్టె ఈసారి ఏమీ కల్పించలేదు. "బైండింగ్‌కి వెళ్ళారు" అంది.