కారుకు వేసిన తాళం

ఆ పొద్దున తాళాల కొట్టు యజమాని దగ్గర ఉన్నవి మూడు. ఇరవై ఏళ్ల మంచి పేరు, పదకొండు గంటలకు రాబోయే సరుకు లారీ, ఊరికే కూర్చోలేని బావమరిది. లేనిదల్లా లారీ ఆగడానికి చోటు. కొట్టుకు అడ్డంగా ఎవరిదో ఎర్ర కారు నిలబడి ఉంది. ఈ వారంలో ఇది మూడోసారి.

"పోలీసులకు చెబుదామా?" అన్నాడు యజమాని.

"వాళ్లొచ్చేసరికి మనకు మనవలు పుడతారు బావా! మన వీధికి మనమే పోలీసులం" అన్నాడు బావమరిది. పక్క కొట్టు టైలరు మెడలో టేపుతోనే వచ్చి, "శిక్ష పడాల్సిందే" అని తీర్పు చెప్పేశాడు.

యజమాని లోపలికెళ్లి, 'సుత్తికి పగలదు, రంపానికి తెగదు' అని బోర్డు పెట్టి మరీ అమ్మే తాళం తెచ్చాడు. కారు చక్రానికి గొలుసు చుట్టి బిగించి, తాళంచెవులు బావమరిది చేతికిచ్చాడు. వీధంతా చప్పట్లు కొట్టింది. కొట్టిన ప్రతివాళ్ల ఇంటికీ ఆ తాళమే.

పదకొండుకు లారీ వచ్చి హారన్ మోగించింది. అప్పుడు గానీ యజమానికి తట్టలేదు, పోవాల్సిన కారును తానే కట్టేశానని.

"తాళంచెవి ఇలా ఇవ్వరా."

"లేదు బావా. నీది మెత్తటి మనసు, ఎవరైనా బతిమాలితే తీసేస్తావని మురిక్కాలవలో పడేశా."

"రెండో చెవి?"

"రెండూ ఒకే రింగుకున్నాయి కదా!"

టైలరు సుత్తి తెచ్చాడు. ఇంకెవరో రంపం తెచ్చారు. తాళం మీద గీత కూడా పడలేదు. "అరగంట చూస్తా, తర్వాత సరుకు వెనక్కే" అని లారీ డ్రైవరు అరిచినప్పుడల్లా యజమాని ముఖం వాడిపోతోంది. "అబ్బ, ఎంత గట్టి తాళం!" అని జనం అన్నప్పుడల్లా మీసం లేస్తోంది.

ఇంతలో, మేడ మీద వారం కిందటే ఆసుపత్రి తెరిచిన పళ్ళ డాక్టరమ్మ కిందికి దిగింది. కారు ఆవిడదే.

"ఎవరు వేశారిది?"

టైలరుకు కుట్టాల్సిన చొక్కా గుర్తొచ్చింది.

"నేనేనమ్మా. చెవి పోయింది. ఇక దాన్ని ఎవరొచ్చినా తెరవలేరు" అన్నాడు యజమాని, భయంలోనూ కాస్త గొప్పగా.

డాక్టరమ్మ కోటు జేబులోంచి పళ్ళ సందులు గెలికే సన్నటి కొక్కెం తీసి, తాళంలో పెట్టి రెండుసార్లు తిప్పింది. టక్కున ఊడింది. "ఇంతకన్నా మొండి పళ్ళు చూశానండీ" అంటూ తాళాన్ని అతని చేతిలో పెట్టి, కారెక్కి వెళ్ళిపోయింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరిళ్లకు వాళ్లు గబగబా నడిచారు.

లారీ దర్జాగా ఆగింది. అదే రకం తాళాలు అయిదు వందలు దిగాయి. సాయంత్రం యజమాని లెక్క చూసుకున్నాడు. కోరుకున్నది దక్కింది. కొట్టు ముందు చోటంతా ఖాళీ. కారూ లేదు, మనిషీ లేడు.