కానుగనీడ సంగ్రామం

వినండి, నీడ విలువెరిగిన మహాజనులారా! మేఘమండలం ముఖం చాటేసి పరసీమలకు తరలిపోగా, బండలు పెనాలై, పెనాలు నిరుద్యోగులై, కాకులు సైతం నోళ్లు తెరిచి మౌనవ్రతం పట్టిన ఒకానొక ప్రచండ వైశాఖ మధ్యాహ్నాన, రాయదుర్గం పొలిమేరలో, ముగ్గుపిండితో గీతలు గీసిన ఇంటిస్థల రణక్షేత్రంలో, ఒక కానుగచెట్టు ప్రాణాలు కొలత టేపు కొసన వేలాడిన వేళ జరిగిన ఘోరసంగ్రామాన్ని గానం చేస్తున్నాను!

అటు చూస్తే మహారథి గంగాధరప్ప. కొడుకూ కోడలూ కాపురముండబోయే ఇంటికి సర్వసైన్యాధిపతి. కారు లేకున్నా కారు పట్టే గేటును కలగన్న దూరదృష్టి సంపన్నుడు. ఆ గేటు స్తంభం సరిగ్గా కానుగ మొదట్లో పడింది. ఇటు చూస్తే కోడలు అశ్విని. గోరింటాకు ఇంకా వెలిసిపోని నవవధూరత్నం, పట్టభద్రురాలు. పెళ్లయ్యాక భర్తతో ఒకే గ్లాసులో చెరకురసం తాగింది ఆ నీడలోనే గనుక, చెట్టు కోసం కొంగు బిగించిన వీరాంగన. మధ్యన ధర్మసంకటంలో ఆమె భర్త, టేపుధారి శశి.

"ఏమప్పా నాగప్పా, గొడ్డలి యాడ పెట్టినావు?" అని మామ గర్జించాడు.

"చెట్టుకే తగిలించినా అన్నా, సంగటి క్యారియర్ పక్కన," అన్నాడు మేస్త్రీ.

అప్పుడు అశ్విని దిక్కులు పిక్కటిల్లేలా పలికింది. "మామా, కారు యాడుండాది?"

"వస్తాది! వచ్చినాక యాడ నిలబెట్టేది, నీ తల మీదా?"

"రాని కారుకు ఉన్న చెట్టును బలిస్తారా? ఈ నీడ యా షోరూములో అమ్ముతారు మామా? ఇప్పుడుండేది మీ మోపెడ్డే కదా. చెట్టు లేదనుకొని దాన్ని ఎండలో పెడతా. అన్నాలు తిన్నాక మాట్లాడదాం."

"పెట్టుకో! ఇనప బండికి ఎండేమి లెక్క?"

"ఏమండీ, మీరైనా చెప్పండి!"

"నేను టేపు పట్టుకోనుండా. నన్నేం అడగొద్దండి," అన్నాడు శశి.

మోపెడ్డు ఎండకు బహిష్కృతమైంది. వీరులందరూ కానుగ కిందే సంగటి ఆరగించారు. సంతృప్తుడైన గంగాధరప్ప నిమ్మసోడాలు తెచ్చే దండయాత్రకై లేచి, పలుచని పంచె సవరించి, అగ్నికుండ సమానమైన ఆ నల్లని సీటును మహాగాంభీర్యంతో అధిష్ఠించాడు.

"అయ్యయ్యో సచ్చినాన్రో!"

ఆ ఆర్తనాదానికి తొండలు పొదల్లో దూరాయి. ఎగిరి, పరుగెత్తి, సర్వసైన్యాధిపతి కానుగ నీడలోకొచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు.

"గొడ్డలి తీయమంటావా అన్నా?"

"నీళ్లు తేవప్పా ముందు!"

"బండి మీద పోయాల్నా, నీ మీద పోయాల్నా?"

అశ్విని కొంగుతో నవ్వు మూసుకుంది. గంగాధరప్ప పైకి చూశాడు. కానుగ ఆకు ఒక్కటీ కదలకుండా మర్యాదగా నిలబడి ఉంది.

"శశీ, స్తంభాన్ని ఒక మూర లోపలికి జరుపురా."

"గేటు సన్నమైతాది నాయనా. కారు పట్టదు."

"చిన్న కారు కొందాంలేరా!"

ఆ క్షణమే అశ్విని పాదంతో పాత గీతను చెరిపి, ముగ్గుపిండితో చెట్టును తప్పించి కొత్త గీత గీసింది. మోపెడ్డు సగౌరవంగా నీడలోకి పునఃప్రవేశించింది. శశి టేపు వదిలి, పరుగున వెళ్లి చెరకురసం తెచ్చాడు. గ్లాసు ఒకటే.

జయం, జయం! దిగంతాలారా, ఆలకించండి! ఇంకా కొనని కారు ఒక మూర కుంచించుకుపోయింది!