సుధీర్ వీపు మీద వైవా

ఆ పొద్దున సృజన వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు కంపెనీ బస్సెక్కేలోపు అతని వీపు మీద కండరాలన్నీ గీసి, వాటిని ఒంటపట్టించుకుని, తర్వాత కాలేజీకి వెళ్ళి వైవా ఇవ్వడం. ఫిజియోథెరపీ మొదటి సంవత్సరంలో అనాటమీ ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. అంతకంటే ఘోరం, అత్తగారి మాట నెగ్గుతుంది. "పెళ్ళయ్యాక ఇంకా చదువులేంటమ్మా" అన్న ఆ మాట పటేల్‌గూడలోని ఆ ఇంట్లో కాఫీతోపాటు రెండు పూటలా వచ్చేది.

పుస్తకంలో ఉన్నంతసేపు ఎముకలూ కండరాలూ సృజనకు చుట్టాలే. ఎదురుగా ప్రొఫెసర్ కూర్చుంటే మాత్రం ఒక్క పేరూ పలికేది కాదు, తన పేరుతో సహా. అందుకే పుస్తకం పక్కన పడేసి మొగుడి వీపు అందుకుంది. పెళ్ళినాటి పారాణి పోయినా ముచ్చట పోని రోజులు. ఏ పుస్తకమైనా ఆ వీపు తర్వాతే.

"కదలకు, గియ్యనీ."

"కితకితలు పెడుతున్నాయే!"

"ఈడ నీ లాటిసిమస్ ఉన్నది. గిట్ల ఎగిరితే గీత వంకరవోతది."

"పేర్లు కూడా రాసేసుకోరాదూ?"

"పేర్లు రాస్తే సూసి సదివినట్టయితది. ఉత్త బొమ్మ సూసి గుర్తువట్టాలె."

గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ కనకమహాలక్ష్మి కొడుకు వీపును ఎగాదిగా చూసింది. "మేం వాకిట్లో వేసేవాళ్ళం నాయనా, ముగ్గులు" అని గ్లాసు తిరిగి వంటింట్లోకి పట్టుకుపోయింది.

ఎరుపు, నీలం మార్కర్లు సుధీర్ తెచ్చినవే. అతను బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలో జూనియర్ కెమిస్టు. డ్రమ్ముల మీద బ్యాచ్ నంబర్లు రాసే ఆ మార్కర్లను టిఫిన్ సంచిలో దాచి భార్యకు కానుకగా తెచ్చాడు. భార్య మీద ప్రేమ చూపించడానికి కంపెనీ సామాను కంటే చవకైనది ఎక్కడా దొరకదు.

"సబ్బు పెడితే పోతుందిగా?"

"పోతది. గట్టిగ రుద్దు."

ఎండకూ వానకూ డ్రమ్ము మీద చెరగని సిరా తన వీపు మీద ఎలా చెరుగుతుందని కెమిస్టుగారికి అనుమానం రాలేదు. రుద్దే వ్యవధీ లేదు. వీధి మలుపులో బస్సు హారన్ మోగింది. చొక్కా తగిలించుకుని పరుగెత్తాడు.

ఫ్యాక్టరీలో లోపలికి వెళ్ళాలంటే ఇంటి చొక్కా విప్పి కంపెనీ యూనిఫాం తొడుక్కోవాలి. సుధీర్ చొక్కా విప్పగానే పక్కనున్న కుమార్ నోరు తెరిచాడు. మెడ నుంచి నడుం దాకా ఎర్రటి చారలు, భుజాల మీద నీలంగా రెండు పెద్ద మచ్చలు.

"ఏందన్నా గిది! వీపంత కాలిందా?"

సుధీర్ చూపు ఎదురుగా గోడ మీది నోటీసు మీద పడింది. మార్కర్లు మాయమవుతున్నాయని, దొరికినవాణ్ణి ఇంటికి పంపిస్తామని దాని మీద రాసి ఉంది.

"ఏం లేదురా, ఏదో అలర్జీ."

రసాయనాల ఫ్యాక్టరీలో దొంగ అంటే ఒక్కడే వస్తాడు, అలర్జీ అంటే ఊరంతా వస్తుంది. "నిన్న నువ్వు మూడో బ్లాక్‌ల పని చెయ్యలే? ఆడ పౌడర్ లేసినట్టుంది!" అని కుమార్ అరిచాడు. ఆ అరుపు బ్లాకులోకి వెళ్ళేసరికి పౌడర్ కాస్తా గ్యాస్ అయింది. మనుషులు బయటికి ఉరికారు.

సేఫ్టీ మేనేజర్ బాపిరాజు వచ్చాడు. ఆయనకు తెలియని ప్రమాదం లేదు, కళ్ళారా చూసిన ప్రమాదమూ లేదు. ఇన్నాళ్ళకు ఒకటి కాళ్ళ దగ్గరికి వచ్చినందుకు ఆయన మొహం కళకళలాడింది.

"తిరగవయ్యా అటు! అబ్బబ్బబ్బ! నే ట్రైనింగ్‌లో చెప్పిందే ఇది. పదండి, షవర్ కిందికి తోయండి!"

ఒంటి మీద రసాయనం పడితే కడగడానికి పెట్టిన ఆ షవర్‌ను ప్రారంభోత్సవం తర్వాత ఎవరూ తిప్పిన పాపాన పోలేదు. ముందు తుప్పు వచ్చింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. చారలు మాత్రం పోలేదు.

"కడిగితే పోలేదంటే ఏంటి అర్థం? పైన లేదన్నమాట. లోపలికి దిగిపోయింది" అన్నాడు బాపిరాజు.

సుధీర్ వణికాడు. అందరూ చలి అనుకోలేదు, విషం అనుకున్నారు. ఇప్పుడు నిజం చెబితే మార్కర్ దొంగే కాదు, బ్లాకు ఆపించినవాడు కూడా అవుతాడు. మూలిగితే మేలనిపించి మూలిగాడు.

మచ్చ ఎంతవరకు పాకుతుందో కనిపెట్టాలని బాపిరాజు జేబులోంచి నల్ల మార్కర్ తీసి, చారల చుట్టూ ఒక గీత గీశాడు. గీసి, పెద్దసారుకు ఫోన్ చేయడానికి పక్కకు వెళ్ళాడు. తువ్వాలు తేవడానికి వెళ్ళిన కుమార్ అప్పుడే తిరిగివచ్చాడు.

"సార్! జల్దీ రండ్రి! చుట్టూత నల్లగయితున్నది!"

"నల్లగానా!" బాపిరాజు చేతిలో ఫోన్ జారింది. ఆ నలుపు ఎవరి చేతి చలవో ఆయనకు గుర్తు రాలేదు. పరుగెత్తుకెళ్ళి అంబులెన్సు పిలిపించాడు.

అంబులెన్సు ముత్తంగి దగ్గర పెద్ద ఆసుపత్రిలో ఆగింది. సృజన కాలేజీ ఆ ఆవరణలోనే. అప్పటికి ఆమె వైవాలో కూర్చుని బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి మొహం చూస్తోంది. ఆయన భుజం కండరాలు అడిగాడు, వెన్నెముక అడిగాడు, చివరికి జాలిపడి పేరడిగాడు. ఆమె దానికీ హాల్‌టికెట్ వెతుక్కుంది. ఫెయిల్ అని వేయడానికి ఆయన పెన్ను మూత తీస్తుండగా తలుపు తోసుకుని కుమార్ వచ్చిపడ్డాడు.

"వదినా! అన్న వీపు ఖరాబయింది! క్యాజువాల్టీల ఉన్నడు!"

సృజన లేచింది.

"ఇప్పుడు బయటికి వెళ్తే ఫెయిల్ కిందే లెక్క" అన్నాడు పరీక్షాధికారి. ఆమె అప్పటికే వరండాలో ఉంది. ఆయనకు టీ వేళ అయింది, క్యాంటీన్ దారి క్యాజువాల్టీ ముందునుంచే. ఆయనా నడిచాడు.

బోర్లా పడుకున్న సుధీర్ చుట్టూ డ్యూటీ డాక్టరు, బాపిరాజు గుసగుసలాడుతున్నారు. డాక్టరు ఆ జబ్బుకు అప్పటికే ఒక పొడుగాటి పేరు పెట్టాడు. ఏడ్చుకుంటూ వచ్చిన సృజన వీపు చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"సబ్బు పెట్టలే నువ్వు!"

"అది కాదే..."

"గీ ట్రెపీజియస్ మీద గట్టిగ రుద్దుమన్ననా లేదా? గీ రెక్క ఎముక మీద, గీ ఇన్‌ఫ్రాస్పైనేటస్ మీద? ఎన్నడన్న ఇన్నవా నా మాట?" ఒక్కో పేరుకూ వేలితో ఒక్కో పోటు పొడుస్తోంది. "ఈడ డెల్టాయిడ్, ఈడ టెరెస్ మేజర్! అన్నీ అట్లనే ఉన్నయి!"

క్యాజువాల్టీ గుమ్మంలో పరీక్షాధికారి ఆగిపోయాడు. "ట్రెపీజియస్ ఏం పని చేస్తుందమ్మా?"

"తప్పు చేసి, నాకేం తెల్వదని భుజాలు ఎగరేస్తడు సూడండి సార్, గదే!"

"రాంబాయిడ్స్?"

"వాళ్లమ్మ ముంగట ఛాతి ఇరుసుకొని నిలవడనీకె రెక్క ఎముకలు ఎనకకు గుంజుతయి!"

"లాటిసిమస్?"

"రాడ్ పట్టుకొని కంపెనీ బస్సెక్కేటప్పుడు ఒళ్లు మీదికి గుంజేది. ఎక్కేటప్పుడు మంచిగనే పనిచేస్తది, రుద్దనీకెనే రాదు!"

ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచి వీపు మీద రాశాడు. జబ్బు ఎర్రగా దూదికి అంటుకుంది. డ్యూటీ డాక్టరుకు పక్క వార్డులో పని గుర్తొచ్చింది.

"మార్కరా! ఏ మార్కరయ్యా అది?" అని బాపిరాజు గర్జించాడు. "ఎక్కడిది నీకు?"

సుధీర్ తల తిప్పి ఆయన జేబు వంక చూశాడు. కుమార్ కూడా చూశాడు. ఎరుపు, నీలంతోపాటు అదే పెట్టెలో వచ్చే నలుపు, కంపెనీ ముద్రతో సహా, అందులోంచి తొంగిచూస్తోంది. బాపిరాజు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదని ఒక ఉపన్యాసం మొదలుపెట్టాడు. మర్నాటికి ఫ్యాక్టరీ గోడ మీద నోటీసు లేదు.

సృజన పాసయింది. లాటిసిమస్ ఎడమ పక్కన వంకరపోయినందుకు పరీక్షాధికారి ఒక్క మార్కు కోశాడు. కనకమహాలక్ష్మి వారం రోజులు చదువుల మాట కలపకుండా కాఫీ మాత్రమే ఇచ్చింది.

ఆ పోయిన మార్కు గీసిన చేతిదా, కితకితలు పుట్టిన వీపుదా అన్న వైవా మాత్రం ఆ ఇంట్లో ఇంకా పూర్తి కాలేదు.