జెండా తాడుకు రెండు కొసలు

1957 ఆగస్టు పదిహేనున సిరిగేరిలో స్వాతంత్ర్య దినోత్సవం పరమ శాంతియుతంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒక్క తలా పగల్లేదు.

సభ ఏడింటికి. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా కాలువ నీళ్ల వంతు రైతు మారెన్నది. తప్పితే మళ్లీ ఎనిమిది రోజులకే. వానల్లేక నెర్రెలిచ్చిన అతని నారుమడి రెండు రోజులు కూడా ఆగదు. తూము తాళంచెవి, వంతుల ప్రకారం నీళ్లు వదిలే నీరుగంటి మద్దిలేటి దగ్గరుంది. మద్దిలేటి సభలో ఉన్నాడు. సభ ముగిసేదాకా ఎవరూ కదలరాదని పంచాయతీ తీర్మానం.

జెండా ఎవరు ఎగరేయాలి? కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న పున్నయ్యగారా, తాతల నాటి నుంచి ఊళ్లో ఉన్న దేవప్పగారా? జాతీయ ఐకమత్యం దృష్ట్యా కమిటీవారు మహత్తరమైన మార్గం కనిపెట్టారు. తాడుకు కొసలు రెండు కదా, చెరొకటి లాగాలి.

లాగారు. ఇద్దరి దేశభక్తీ సమానం. జెండా స్తంభం నడుమ ఆగిపోయింది.

"దేవప్పగారూ, శాంతి కోరేవారు మీరు. మీరే వదలండి," అన్నారు పున్నయ్య.

"శాంతి ఈడ ఎవురికి చేదప్పా? ముందు నువ్వు వదులు!"

తాడు కొసలు వదలకుండానే ఇద్దరూ ప్రపంచశాంతి మీద చెరొక అరగంట ఉపన్యసించారు.

ఎనిమిదింబావుకి మారెన్న ఓర్పు చచ్చింది. "అట్లే పట్టుకోండప్పా, నా మడి ఎండిపోతాండాది!" అంటూ స్తంభమెక్కి, జెండా విప్పి, కొనకు తీసుకుపోయి కట్టాడు. రెపరెపలాడింది. జయధ్వానాలు!

"మద్దిలేటీ, రాప్పా పోదాం!" అంటూ దూకాడు.

"ఎక్కడికయ్యా? దేశం పరువు నిలిపినవాణ్ణి ఊరికే పంపుతామా?" అని పున్నయ్య అతన్ని కుర్చీలో కూలేశారు. దేవప్ప దండ వేశారు.

"నీళ్లప్పా..."

"కూచో మారెన్నా. ఇంగా నిన్ను పొగడల్ల."

పున్నయ్య పావుగంట పొగిడారు. దేవప్ప పదహారు నిమిషాలు పొగిడారు. రైతు దేశానికి వెన్నెముకని ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. అంతటితో ఆగితే తాను తగ్గినట్టవుతుందని పున్నయ్య ఆ ఒక్క నిమిషం బాకీ కూడా తీర్చారు. మారెన్న లేచినప్పుడల్లా, "ఎంత వినయమో చూశారా!" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం.

సరిగ్గా తొమ్మిదికి పున్నయ్య గడియారం చూసుకుని సభ ముగిసిందని ప్రకటించారు. తరువాతి నీళ్ల వంతు ఆయనది. మద్దిలేటి తాళంచెవి తీసుకుని పరుగెత్తాడు.

మారెన్న దండతోనే మడి దాకా పోయి, గట్టు మీద కూర్చున్నాడట.

మద్దిలేటిని గంట ముందే పంపమనడానికి ఒక్క నోరు చాలు. మేం నాలుగు వందల మందిమి ఉన్నాం. చప్పట్ల మధ్య మాట్లాడటం మర్యాద కాదని ఊరుకున్నాం. మీరున్నా ఊరుకునేవారే. దేశభక్తిలో మీరు మాత్రం మాకేం తీసిపోయారు?