దైవాధీనం మాస్టారి అమెరికన్ ఫుట్‌బాల్

ఆ సోమవారం ఉదయం దైవాధీనం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏజెన్సీ కాలేజీల క్రీడోత్సవానికి తమ ఫుట్‌బాల్ జట్టు పేరు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి, ఇంటికెళ్లి భార్య లూర్దమ్మ చేసిన ఉప్మా చల్లారకముందే తినాలి. అంతే.

అనంతగిరి దారిలో ఉన్న ఆ డిగ్రీ కాలేజీకి ఆయన పదిహేనేళ్లుగా ఫిజికల్ డైరెక్టరు. కాలేజీ మొత్తంలో ఫోన్ సిగ్నల్ అందేది ఒక్కచోటే. అది వాటర్ ట్యాంకు వెనకున్న బండ మీద, అదీ నిలబడితేనే. గడువు పదింటికి ముగుస్తుందనగా అయిదు నిమిషాల ముందు మాస్టారు బండెక్కారు. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయిన సంగతి అక్కడికి వెళ్లాక తెలిసింది. తెర మీద ఆటల జాబితాలో ఫుట్‌బాల్ అన్న మాట రెండు చోట్ల మసకమసగ్గా కనిపించింది. ప్రభుత్వం వారి వ్యవహారం కదా, ఒకే మాట రెండుసార్లు రాసి ఉంటారనుకుని పైది నొక్కారు. ఫోను ధన్యవాదాలు చెప్పింది. మాస్టారు ఉప్మాకు బయలుదేరారు.

రెండు వారాలకు ఓ పెద్ద పెట్టె వచ్చింది. విప్పితే ముఖానికి ఇనుప చువ్వలున్న హెల్మెట్లు, భుజాల మీద వేసుకునే డిప్పలు, అడుగున నాలుగు కోల బంతులు. ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ బుధు ఒక బంతిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటి మాస్టారూ, బంతిని లారీ తొక్కేసినట్టుంది?"

మాస్టారు ఈసారి అద్దాలు పెట్టుకుని పెట్టెలోని కాగితం చదివారు. ఆయన నొక్కిన లైనులో ఫుట్‌బాల్‌కు ముందు 'అమెరికన్' అని కూడా ఉందట. మామూలు ఫుట్‌బాల్‌కు జట్ల పట్టిక అప్పటికే వచ్చేసింది. అందులో తమ కాలేజీ పేరు లేదు.

బుధుకిది ఆఖరి ఏడాది. ఆటల సర్టిఫికెట్ ఉంటే ఫారెస్టు గార్డు ఉద్యోగానికి క్రీడా కోటాలో దరఖాస్తు పెట్టుకోవచ్చన్న ఆశతో, రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున మంచులో నాలుగు మైళ్లు కొండ దిగివచ్చి ఆడుతున్నాడు. "తప్పు నొక్కేశానురా" అని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వరహాలరావు గారు లోపలికి వచ్చారు.

"ఏమిటండీ ఈ సరంజామా?"

"కొత్త ఆటండి. అమెరికన్ ఫుట్‌బాల్. మన పిల్లలకి పనికొస్తుందని కావాలనే తీసుకున్నానండి" అనేశారు మాస్టారు. అన్నాక, ఆ మాట అన్నది తానేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

వరహాలరావు గారు కాలేజీ గోడకు సున్నం వేయించినా ఫొటో తీయించి పేపరుకు పంపే మనిషి. అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షణ ఇస్తున్న మాస్టారు అని ఆయన విలేకరికి ఫోనులో చెప్పారు. సిగ్నల్ సంగతి తెలిసిందే. మర్నాడు పేపర్లో 'అమెరికాలో శిక్షణ పొందిన మాస్టారు' అని వచ్చింది.

లూర్దమ్మ పేపరు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎప్పుడెల్లారండీ అమెరికా?"

"ఎల్లలేదే!"

"మరి పేపర్లో ఏసేరు. ఆమధ్యన మూడ్రోజులు పెదబయలు ట్రైనింగన్నారు. అది పెదబయలేనా? నిజం సెప్పండి."

"పెదబయలేనే బాబూ!"

"నాకు సెప్పకుండా ఇమానమెక్కేత్తారా!" అంటూ ఆమె పేపరుని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు, దూరదేశం నుంచి ఆయన్ను క్షేమంగా తెచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. లూర్దమ్మ మాత్రం అనలేదు. బయటికి రాగానే టీకొట్టు అప్పన్న మాస్టారి చెయ్యి పట్టుకుని, వీసాకి ఎన్ని ఫొటోలు కావాలని అడిగాడు.

ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. మాస్టారు రోజూ బండెక్కి ఆ ఆట వీడియోలు చూశారు. ఇంగ్లీషు కామెంటరీ రేకుల మీద వానలా పడుతూనే ఉండేది. వారం రోజులకు ఆయనకు తేలినవి మూడు సంగతులు. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తాలి. అవతలివాళ్లు పడగొడతారు. నాలుగు అవకాశాల్లో పది గజాలైనా ముందుకెళ్లాలి. వీటినే ఆయన గంభీరంగా పిల్లలకు బోధించారు.

బుధు శ్రద్ధగా విన్నాడు. "అంటే పక్కూరోడి పనసకాయ సంకనెట్టుకొని లగెత్తడమే కదండీ?"

"అంతేరా."

"దీనికి అమెరికా ఎల్లడమెందుకండీ?"

మాస్టారు విజిలు ఊది అందర్నీ పరుగు పెట్టించారు.

పోటీలో రెండు గ్రూపులుగా మొత్తం ఎనిమిది జట్లు. మన గ్రూపులో మొదటి కాలేజీవాళ్లు హెల్మెట్లను మోటారుబళ్లున్న స్టాఫుకి పంచేయడంతో, తలకి ఏమీ లేకుండా వచ్చి అనర్హులయ్యారు. రెండో జట్టు బంతిని కాలితోనే తన్నింది. అది కాఫీ తోటలోకి దూరి సాయంత్రం దాకా దొరకలేదు. అప్పటికి ఒక్కసారి గీత దాటి ఉన్నందుకు మనవాళ్లే గెలిచారు. మూడో జట్టు బస్సు ఘాట్ రోడ్డులో ఆగిపోయింది. ప్రతి గెలుపుకీ పేపర్లో మాస్టారి ఫొటో ఒక అంగుళం పెరిగింది. ఫొటో పెరిగిన కొద్దీ ఆయనకు నిద్ర తగ్గింది.

ఫైనల్ అరకులో. ఎదుటి జట్టు అడ్డతీగల వైపు నుంచి వచ్చింది. వాళ్ల ఫిజికల్ డైరెక్టరు సుజానా మేడం, ఆట మొదలవడానికి అరగంట ముందు నోటుబుక్కుతో మాస్టారి దగ్గరకు వచ్చింది.

"సార్, మీరు అమెరికాలో నేర్చుకున్నారట కదా. ఒక్క డౌటు అడగొచ్చా?"

"అడగండమ్మా."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఈ ఆట ఎలా ఆడతారండీ?"

మాస్టారు ఆమెను చూశారు. రెండు నెలలుగా గుండెల మీద ఉన్న బరువు ఒక్కసారిగా జారింది. "నేను పై లైను నొక్కానమ్మా" అన్నారు.

"మీరూనా సార్!" అంది సుజానా మేడం. నవ్వు ఆపుకుందామని ఒకరి ముఖం ఒకరు చూడటం మానేశారు. "మావాళ్లు ఇంతదాకా కబడ్డీ ఆడి గెలిచారండి" అందామె కళ్లు తుడుచుకుంటూ.

సరే, రిఫరీని అడుగుదామని ఇద్దరూ వెళ్లారు. రిఫరీ పైడయ్య ముప్ఫయ్యేళ్లుగా కబడ్డీ పోటీలు నడుపుతున్నవాడు. "మీరిద్దరూ ఏటనుకుంటే అదే రూలు. బేగి తేల్సండి, జనం వచ్చేత్తన్నారు" అన్నాడు.

ముగ్గురూ కూర్చుని నోటుబుక్కులో రూల్సు రాసుకున్నారు. అవి అమెరికాలో చెల్లుతాయో లేదో గానీ, ఆ మైదానంలో మాత్రం ఆట నిజంగా జరిగింది. పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. స్కోరు పన్నెండు, పన్నెండు. ఆఖరి అవకాశం మిగిలుండగా వాన అందుకుంది. బుధు బంతిని చంకలో ఇరికించుకుని బయలుదేరాడు. ఒకడు నడుం పట్టుకున్నాడు, ఇంకొకడు కాలు పట్టుకున్నాడు. ఇద్దర్నీ ఈడ్చుకుంటూ, బురదలో మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి గీత అవతల బోర్లా పడ్డాడు. పైడయ్య విజిలు ఊదాడు. మాస్టారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలను కాదని ఆయనకూ తెలుసు.

సర్టిఫికెట్ అందుకున్న బుధు దాన్ని తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, "మాస్టారూ, మీరు మంచి ఆటే ఎంచేరండి" అన్నాడు. ఆ మాటకు మాస్టారు ఇక తట్టుకోలేకపోయారు. మర్నాడు కప్పు పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, బండ దగ్గర నుంచి మొదలుపెట్టి జరిగిందంతా చెప్పేశారు.

వరహాలరావు గారు కప్పు అందుకుని బల్ల మీద పెట్టారు.

"అయితే మీకు ఈ ఆట రాదన్నమాట."

"రాదండి."

"ఆ ముక్క నిన్న చెప్పాల్సింది" అంటూ ఆయన సొరుగులోంచి క్రీడోత్సవం నిర్వాహకుల ఉత్తరం ఒకటి తీశారు. ఏజెన్సీ కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లందరికీ అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పడానికి దైవాధీనం గారిని నిపుణుడిగా నియమించారు. కింద, మేము సంతోషంగా ఒప్పుకుంటున్నామని ప్రిన్సిపాల్ సంతకం కూడా ఉంది.

శిక్షణ మొదటిరోజు నలభై ఇద్దరు ఫిజికల్ డైరెక్టర్లు కొత్త నోటుబుక్కులతో వచ్చారు. మాస్టారు ధైర్యం చేసి మైకు ముందు నిలబడ్డారు. "నిజం చెబుతున్నానండి, నాకు ఈ ఆట గురించి ఏమీ తెలియదు." ఇంత పెద్ద నిపుణుడికి ఎంత వినయమో అని హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో కూర్చున్న సుజానా మేడం అందరికంటే గట్టిగా కొట్టింది.

చప్పట్లు ఆగాక వెనక నుంచి ఒకాయన లేచాడు. "సార్, బంతి ఆ ఆకారంలో ఎందుకుంటుందండీ?"

మాస్టారు ఒక్క క్షణం పైకప్పు వైపు చూశారు.

"కొండల మీద దొర్లిపోకుండా" అన్నారు.

నలభై ఇద్దరూ రాసుకున్నారు; సుజానా మేడం కింద గీత కూడా గీసుకుంది.