తొమ్మిదో బిల్డింగు పిండి ఎగుమతులు

చిన్న దేశం బాగుపడాలంటే ఇరుగు పొరుగు దేశాలతో కలిసిపోవడం ఒక్కటే దారి. నమ్మనివారు 2009లో అమెరికాలోని మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల తొమ్మిదో బిల్డింగు ఆర్థిక చరిత్ర చదువుకోగలరు.

ఆ బిల్డింగులో తెలుగువాళ్ళది ఒక్కటే ఇల్లు. దాని సహజ వనరులు రెండు: ఒక వెట్ గ్రైండరు, మనవరాలు ఇషాకి ఆరు నెలలపాటు దోసెలు వేసి పెడదామని గుంటూరు నుంచి వచ్చిన రాజేశ్వరమ్మగారు.

మొదటి వారం నాలుగో బిల్డింగు నళిని డబ్బాలో పులిహోర పంపింది. డబ్బా ఖాళీగా తిప్పి పంపడం మన ఇంటా వంటా లేదు. రాజేశ్వరమ్మగారు దాని నిండా దోసెల పిండి పోసి పంపారు. నెల తిరిగేసరికి ఐదు బిల్డింగుల నుంచి డబ్బాలు దిగాయి. కొన్నింట్లో ఒక్క అరటిపండే ఉండేది. (అదీ ఖాళీ కింద రాదు.)

అప్పుడు రిటైర్డ్ ఇంజినీరు కృష్ణమోహన్‌గారు పూనుకుని ప్రాంతీయ పిండి సమాఖ్యను స్థాపించారు. అధ్యక్షుడు, కస్టమ్స్ అధికారి, పులుపు తనిఖీదారు ఆయనే. (మూడు పదవులకూ పోటీ లేదు.) రుబ్బిన పిండంతా ముందు సమాఖ్యకే అన్న ఒప్పంద పత్రం తెచ్చి సంతకం పెట్టమన్నారు. పెద్దాయన ఇంటికొచ్చి అడిగితే కాదనలేక రాజేశ్వరమ్మగారు పెట్టేశారు. ఆ తర్వాత బాత్‌టబ్బులో మినప్పప్పు నానింది. అల్లుడు ఉమాకాంత్ ఆఫీసు జిమ్‌లో స్నానం చేసి వచ్చేవాడు.

"మీ బిల్డింగ్ గ్రోత్ చూశారామ్మా? త్రీ హండ్రెడ్ పర్సెంట్!" అంటూ ఒకరోజు కృష్ణమోహన్‌గారు లాప్‌టాప్ తిప్పి చూపించారు.

"సంతోషమండీ. మా ఇషాకి రెండు దోసెలు పోద్దామంటేనే పిండి మిగలట్లేదు."

"అది డొమెస్టిక్ కన్సంప్షన్. ఎక్స్‌పోర్ట్స్ అయ్యాకే. మీరూ అప్లై చేయండి."

"మా అమ్మ రుబ్బిన పిండికి మేమే అప్లై చేయాలా అంకుల్?" అంది కూతురు రాగిణి.

"ఎమోషనల్ అవ్వకమ్మా. ఫారమ్ సెవెన్ ఉంది."

ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన ఇషా బ్యాగు విసిరేసింది. "అమ్మమ్మా, మా క్లాసు అర్జున్ లంచ్‌లో నీ దోస ఉంది. నాకు ఎప్పుడు?"

రాజేశ్వరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇన్ని ఇళ్ళలో పెనాలు చుయ్యిమంటుంటే తన మనవరాలు పాలల్లో సీరియల్ తింటోంది. జీవితంలో మొదటిసారి ఇంగ్లీషులో ఫారం నింపారు. దరఖాస్తుదారుకు ఉత్పత్తిదారుతో బంధుత్వం ఉందా అన్న చోట అవునని రాశారు. (పక్షపాతానికి తావివ్వకూడదని ఆ దరఖాస్తును సమాఖ్యవారు వరుసలో చివరికి జరిపారు.)

నవంబరు మొదటి వారంలో సమాఖ్య వార్షిక సభ జరిగింది. తొమ్మిదో బిల్డింగును ఆదర్శ దేశంగా ప్రకటించి రాజేశ్వరమ్మగారికి శాలువా కప్పారు. అందరూ రెండేసి దోసెలు తిని చప్పట్లు కొట్టారు. ఇషా దరఖాస్తు మంజూరైందని కృష్ణమోహన్‌గారు అక్కడే ప్రకటించారు. నాలుగు దోసెలు, నవంబరు పదకొండున.

రాజేశ్వరమ్మగారి తిరుగు ఫ్లైటు పదో తేదీన. సమాఖ్య అదీ ఆలోచించింది: ఎయిర్‌పోర్టుకి బయలుదేరే ముందు ఆ పిండి ఆవిడే రుబ్బి అప్పగించి వెళ్ళాలి.